30ఎక్స్ భూతద్దం: మల్లె కలుపు ఈనెలు లెక్కపెట్టడానికి పనికొస్తుందా?

రెండు మూడు వందల రూపాయల్లో దొరికే మడత భూతద్దం ఇది. వెండి రంగు రేకు డొప్ప, అందులోకి మడుచుకునే 21 మిల్లీమీటర్ల అద్దం, పక్కన చిన్న ఎల్ఈడీ, మూడు బొత్తాం సెల్లులు. డొప్ప మీద ‘30ఎక్స్’ అని, అంటే 30 రెట్లు పెద్దగా చూపిస్తుందని, కొట్టి ఉంటుంది. నగల పని వాళ్ల కోసం చేసిన సరుకు. వరంగల్ వైపు జొన్న చేలల్లో, చల్క బీళ్లలో వచ్చే మల్లె కలుపును, అంటే పంట వేళ్ల మీద పడి బతికే స్ట్రైగాను, ఏ జాతికి ఆ జాతిగా విడదీయడానికి ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం.

ముందు ఆ 30 సంగతి. అది నిజం కాదు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు: రెండు మూడు మీటర్ల దూరంలో ట్యూబులైటు వెలుగుతుండగా, ఎదుటి గోడ దగ్గర అద్దం పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. ట్యూబు బొమ్మ గోడ మీద స్పష్టంగా పడిన చోట ఆగి, గోడకూ అద్దానికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. 25ను ఆ సెంటీమీటర్లతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 30 రెట్లయితే దూరం 8 మిల్లీమీటర్లే ఉండాలి. ఇందులో రెండున్నర సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది, అంటే పది రెట్లే.

ఈ పనికి మాత్రం ఆ అబద్ధమే మేలు చేసింది. నిజంగా 30 రెట్ల అద్దమైతే పువ్వును 8 మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి. మన తల నీడ పువ్వు మీదే పడుతుంది, కాస్త గాలి వీచినా చూపు చెదురుతుంది. పది రెట్లకు మించి చేలో అక్కర్లేదు.

ఎందుకంటే చూడాల్సింది పువ్వు రంగు కాదు. ఇక్కడి జొన్నలో, గడ్డిలో కనిపించే స్ట్రైగా ఆసియాటికా, డెన్సిఫ్లోరా, అంగుస్టిఫోలియా మూడూ ఎక్కువగా తెల్లగానే పూస్తాయి. ఫోన్లో వెతికితే ఆసియాటికాకు ఎర్రపూల ఫొటోలు వస్తాయి. అవి ఆఫ్రికావో, 1956లో ఈ కలుపు బయటపడ్డ అమెరికా కరోలినా మక్క చేలవో అయి ఉంటాయి. వాటిని చూసి ‘మన దగ్గరిది వేరే’ అనుకోవద్దు.

తేడా అంతా పువ్వు కింది పచ్చ గిన్నెలో, అంటే రక్షక పత్రావళిలో ఉంది. దాని మీద నిలువుగా లేచిన ఈనెలు డెన్సిఫ్లోరాకు 5, ఆసియాటికాకు మామూలుగా 10, అంగుస్టిఫోలియాకు 15. చుట్టూ తిప్పుతూ లెక్కపెడితే ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోతాం. గిన్నె అంచున ఐదు పళ్లుంటాయి కదా, ఒక్క పన్ను దగ్గరే చూడండి. పంటి కొనకు వెళ్లే ఈనె ఒక్కటే ఉండి, రెండు పళ్ల మధ్య సందు ఖాళీగా ఉంటే డెన్సిఫ్లోరా. సందులోకీ ఒక ఈనె వెళ్తుంటే ఆసియాటికా. పంటికి మూడేసి లెక్కన కిక్కిరిసి ఉంటే అంగుస్టిఫోలియా. ఆసియాటికాలో ఒకటి రెండు ఎక్కువ కనిపించడం కొత్తేమీ కాదు, అందుకే ఒకే మొక్క మీద మూడు నాలుగు పువ్వులు చూడాలి.

తప్పు ఎక్కువగా జరిగేది పుష్పపుచ్ఛాల దగ్గర, అంటే పువ్వు మొదట్లో ఉండే చిన్న ఆకుల్లాంటి వాటి దగ్గర. గిన్నెను ఆనుకుని సన్నటి పుచ్ఛాలుంటాయి, వాటి అంచు అచ్చం ఈనెలాగే కనిపిస్తుంది. గుండుసూదితో వాటిని పీకేశాకే లెక్క మొదలుపెట్టాలి. కొసన ఉన్న మొగ్గలు వద్దు, ఈనెలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కంకి మధ్యలో విచ్చిన పువ్వు గానీ, దాని కింద కాయ కడుతున్నది గానీ తీసుకోండి. కోసిన మొక్క ఎండితే నల్లబడుతుంది. అప్పుడు పువ్వును రెండు నిమిషాలు వేడినీళ్లలో వేస్తే మెత్తబడి మళ్లీ విప్పి చూడొచ్చు.

ఎల్ఈడీ ఆర్పేయండి. ఎదురుగా పడే వెలుతురులో ఉబ్బెత్తు ఈనెలకు నీడ ఉండదు, గిన్నె మొత్తం చదునుగా కనిపిస్తుంది. పొద్దున ఏటవాలు ఎండకు పక్కగా తిప్పితే ఈనెలు వాటంతట అవే లేస్తాయి. అద్దాన్ని కంటికి ఆనించి పువ్వునే దగ్గరికి తేవాలి. చేయి చాచి పేపరు చదివినట్టు పట్టుకుంటే ఏ భూతద్దమైనా దండగే.

గెట్ల మీద, బీళ్లలో చుట్టాలు కూడా ఉంటాయి. పువ్వు గొట్టం కొస దగ్గర ఠక్కున వంగి, పై పెదవి పొట్టిగా, కింది పెదవి మూడు చీలికలుగా ఉంటే స్ట్రైగా. ఐదు రెక్కలూ దాదాపు సమానంగా ఉంటే బుక్నెరా. ఆకులు దారాల్లా చీలి, పూలు పెద్దగా గులాబీ రంగులో ఉంటే సోపూబియా, దీనికి అద్దమే అక్కర్లేదు. కండగల కాడ, పొలుసుల్లాంటి ఆకులు, లేత ఊదా పూలైతే స్ట్రైగా గెస్నెరియాయిడిస్. అది వెడల్పాకు మొక్కల వేళ్ల మీద బతికేది కాబట్టి గెట్టు మీద దాన్ని చూసి జొన్నకు బెంగపడక్కర్లేదు. పొగాకులో వచ్చే ‘మల్లె’ మాత్రం వేరే మొక్క. అది ఒరబాంకి, అందులో పచ్చదనమే ఉండదు.

ఈ అద్దంతో కానిది ఒకటుంది: విత్తనాలు. అవి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. దుమ్ములా కనిపిస్తాయి తప్ప పైనున్న గీతలు తేలవు, వాటికి మైక్రోస్కోపే గతి.

సరుకుగా చూస్తే అద్దం అంచుల్లో రంగుల చారలు పడతాయి, నడిమి భాగమే నికరం. మడత దగ్గరి మర వదులవుతుంది, కళ్లజోళ్ల స్క్రూడ్రైవరుతో బిగించుకోవచ్చు. దుమ్ము పడితే చొక్కాతో తుడవొద్దు, ఇసుక రేణువు అద్దాన్ని గీస్తుంది. ముందు ఊది, తర్వాత మెత్తటి నూలు గుడ్డ.

ఐదుకు మూడున్నర. డబ్బు కాస్త ఎక్కువైనా పర్లేదనుకుంటే ‘10ఎక్స్ ట్రిప్లెట్’ అడగండి. మూడు అద్దాలు అతికించింది కాబట్టి అంచు దాకా స్పష్టంగా ఉంటుంది. కొనే ముందు ఆ ట్యూబులైటు పరీక్ష దుకాణంలోనే చేయొచ్చు, స్కేలు జేబులో ఉంటే చాలు.