చిన్న వర్చువలైజేషన్ కంపెనీకి కేవీఎం మేలా, జెన్ మేలా?

కేవీఎం, జెన్ రెండూ హైపర్‌వైజర్లు, అంటే ఒకే సర్వర్‌లో అనేక వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లు. ఇదే పనికి చాలా కంపెనీలు వాడే వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొనేసింది. ఆ వెంటనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. అప్పటినుంచి, దానికి బదులు తమ ప్రోడక్ట్ అమ్ముదామనుకునే చిన్న కంపెనీలవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది.

వేగం చూసి మాత్రం తేల్చుకోకండి. మామూలు ఆఫీసు లోడ్లకు రెండూ చాలు. కస్టమర్ ఇప్పటికే కొనిపెట్టుకున్న శాన్ స్టోరేజీ (సర్వర్లన్నీ నెట్‌వర్క్ ద్వారా పంచుకునే డిస్కులు) మీద మీ ప్రోడక్ట్ ఎలా నడుస్తుందన్నదే నా లెక్కలో అసలు పరీక్ష. వీఎంవేర్‌లో చాలా సర్వర్లు ఒకే లన్‌ను (శాన్‌లో ఒక భాగాన్ని) పంచుకున్నా, ఒకరి డేటాను ఇంకొకరు చెడగొట్టకుండా లాకింగ్ అంతా దాని ఫైల్‌సిస్టమ్ వీఎంఎఫ్‌ఎస్ చూసుకుంటుంది. థిన్ డిస్కులు (వాడిన మేరకే చోటు తీసుకునేవి), స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో దాచిపెట్టేవి) దానితోపాటే వస్తాయి. కస్టమర్‌కు అదే అలవాటు.

కేవీఎంతో వెళ్తే ఆ పని మీ నెత్తిన పడుతుంది. లైనక్స్‌లో డిస్కును వాల్యూములుగా పంచేది ఎల్‌వీఎం; దాని థిన్ పూల్‌ను ఒకేసారి రెండు సర్వర్లలో తెరవకూడదు. కేవీఎం సర్వర్లను నిర్వహించే ఓవిర్ట్ వేరే దారి పట్టింది: మామూలు ఎల్‌వీఎం వాల్యూమ్ మీద క్యూకౌ2 (రాసేకొద్దీ పెరిగే డిస్కు ఫార్మాట్) పెట్టి, నిండబోతుంటే వాల్యూమ్‌ను పెంచుతూ పోతుంది. పెంచడం ఆలస్యమైతే వీఎం పాజ్ అయి కూర్చుంటుంది. అది డేటాబేస్ సర్వరైతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

జెన్ వైపు ఎక్స్‌సీపీ-ఎన్‌జీ లాంటి రెడీమేడ్ ప్లాట్‌ఫాంలలో పూల్ (సర్వర్ల గుంపు), షేర్డ్ ఎల్‌వీఎం, హెచ్‌ఏ (ఒక సర్వర్ పోతే వీఎంను మరోదానిలో లేపడం) కోడ్ రాసిపెట్టే ఉంది. చిన్న టీముకు అది పెద్ద ఊరట. కానీ అక్కడ వాడే వీహెచ్‌డీ డిస్కు ఫార్మాట్‌లో డిస్కు 2 టీబీ దాటదు. ఎల్‌వీఎం మీద స్నాప్‌షాట్ తీస్తే, నడుస్తున్న డిస్కుకు పూర్తి సైజు మళ్లీ కేటాయించాల్సిందే. శాన్‌లో చాలా చోటు దానికే పోవచ్చు.

అయినా నేను కేవీఎం వైపే. స్టోరేజీ చిక్కు ఒక్కసారి గట్టిగా పరిష్కరిస్తే అది మీ సొంత బలం అవుతుంది. మిగతా చాలా పనులకు సాయం దొరుకుతుంది. ఉదాహరణకు, వర్ట్‌ఐఓ (కేవీఎంలో వాడే వర్చువల్ డిస్కు, నెట్‌వర్క్ పద్ధతి) డ్రైవర్ లేకుండా విండోస్ వీఎంను వర్ట్‌ఐఓ డిస్కు మీదికి మారిస్తే 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ నీలి తెర వస్తుంది. వీఎంలను కేవీఎంకు మార్చే టూల్ వర్ట్-వీ2వీ ఆ డ్రైవర్‌ను ముందే ఎక్కించేస్తుంది. 2007లో లైనక్స్ కెర్నెల్‌లో కలిసినప్పటినుంచి కేవీఎం తెలిసిన ఇంజినీర్లూ పెరిగారు. అమెజాన్ క్లౌడ్ కూడా 2017లో జెన్ నుంచి కేవీఎం ఆధారిత నైట్రోకు మళ్లడం మొదలుపెట్టింది.

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని హైపర్‌వైజర్ బీహైవ్ సంగతి అడుగుతారేమో, ఈ మార్కెట్‌కు నేను సూచించను. సొంత హైపర్‌వైజర్ ఊసే వద్దు.

టీములో స్టోరేజీ తెలిసినవాళ్లు ఒక్కరూ లేకపోతే, కస్టమర్ డిస్కులన్నీ 2 టీబీ లోపే ఉంటే, అప్పుడు మాత్రం జెన్‌తోనే మొదలుపెట్టండి.