షిండ్లర్స్ లిస్ట్, షోవా: రెండిట్లో ఏది?

హిట్లర్ కాలంలో యూదుల మీద జరిగిన మారణకాండ గురించి సినిమా చెప్పమంటే అందరూ ముందు అనే పేరు 1993లో స్పీల్‌బర్గ్ తీసిన ‘షిండ్లర్స్ లిస్ట్’. మూడుంబావు గంటలు, నలుపు తెలుపు, మధ్యలో ఎర్ర కోటు వేసుకున్న చిన్న పాప. ఆ పాప నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కానీ అది షిండ్లర్ అనే ఫ్యాక్టరీ యజమాని కాపాడగా వెయ్యిమందికి పైగా బతికిన కథ, చనిపోయినవాళ్లేమో దాదాపు 60 లక్షలు.

1985లో వచ్చిన క్లాడ్ లాంజ్‌మాన్ డాక్యుమెంటరీ ‘షోవా’ తొమ్మిది గంటలకు పైనే. పాత ఫుటేజ్ ఒక్క ముక్క కూడా లేదు. బతికి బయటపడ్డవాళ్లు, చూసినవాళ్లు, కొందరు నాజీలు కూడా మాట్లాడతారు, అంతే.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, స్పీల్‌బర్గ్ సినిమాలో నాజీల మృత్యు శిబిరం ఆష్‌విట్జ్‌లో ఆడవాళ్లను ఒక గదిలోకి తోస్తారు, లైట్లు ఆరిపోతాయి, గ్యాస్ వదులుతారేమోనని మనకు టెన్షన్, చివరికి షవర్లలోంచి నీళ్లు పడతాయి. ఆ గదిని సస్పెన్స్‌కి వాడుకోవడం తప్పని నేను గట్టిగా అంటాను. ‘షోవా’లో, బతికి బయటపడ్డ అబ్రహాం బోంబా ఇజ్రాయెల్‌లోని ఒక సెలూన్‌లో ఎవరికో జుట్టు కత్తిరిస్తూ, ట్రెబ్లింకా అనే మరో మృత్యు శిబిరం గ్యాస్ గదిలో తాను ఆడవాళ్ల జుట్టు కత్తిరించిన సంగతి చెబుతుంటాడు. తోటి పనివాడి భార్య, తోబుట్టువు అక్కడికి వచ్చారు అన్నచోట బోంబాకి గొంతు పెగలదు. కత్తెర ఆడుతూనే ఉంటుంది, లాంజ్‌మాన్ చెప్పమంటాడు.

అసలేమీ తెలియనివాళ్లకి ముందు స్పీల్‌బర్గ్‌దే చూపించండి. తర్వాత ‘షోవా’, రోజుకో గంటన్నర చొప్పున.