పాత రేసు ఫోటోకి ఫ్రేము కట్టించాను, మొదట వెనక గుర్రాల్ని కోసేశారు, తర్వాత బాగా చేసిచ్చారు

డాబాగార్డెన్స్ సందులో ఉన్న ఈ ఫ్రేముల షాపుకి నేను వెళ్ళింది ఒకే ఒక్క ఫోటో కోసం. మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు, షిప్పుల వాళ్ళు చదివేసి పడేసిన ఇంగ్లీషు పత్రికలు ఇంటికి తెచ్చుకునేవారు, అందులోంచి కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచుకున్న ఫోటో అది. 1971 మే 1న ఇంగ్లండ్‌లో న్యూమార్కెట్‌లో జరిగిన 2000 గినీస్ రేసు, గుర్రాలు ఫినిష్ దాటుతున్నాయి. మూడేళ్ళ గుర్రాలకి పెట్టే క్లాసిక్ రేసు, మైలు దూరం, బొంబాయి మహాలక్ష్మిలో జరిగే ఇండియన్ 2000 గినీస్‌కి ఆ పేరు వచ్చింది దీన్నుంచే. మన వైజాగ్ ఉప్పుగాలి సంగతి తెలిసిందేగా, కాగితం పసుపెక్కిపోయింది, మడతల దగ్గర చిరిగింది, ఒక మూల చెమ్మ మరక.

షాపు కుర్రాడు దాన్ని చేత్తో పట్టుకోకుండా కింద అట్ట పెట్టి లోపలికి తీసుకెళ్ళాడు, అది చూసే నాకు నమ్మకం కుదిరింది. స్కానింగ్, మరకలు తీయడం, ప్రింటు, ఫ్రేము, గ్లాసు అన్నీ కలిపి 1,850 చెప్పారు, బేరం ఆడలేదు. ఆరు రోజులన్నారు, పది రోజులు పట్టింది, అది ఒక మైనస్.

అసలు ఇబ్బంది వెళ్ళి చూశాక. మరకలన్నీ పోయాయి, నలుపూ తెలుపూ చక్కగా తేలాయి, కానీ ఫోటోలో ఒక్క గుర్రమే ఉంది! గెలిచిన గుర్రం దగ్గరికి కట్ చేసి పెద్దది చేసేశారు. "గెలిచింది ఇదే కదా సార్, వెనకవి మసగ్గా ఉన్నాయని తీసేశాం" అన్నాడు. తప్పు వాళ్ళది కాదు, చూసేవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. బాబూ, ఆ వెనకున్న రెండో గుర్రం ఎవరో తెలుసా అని అక్కడే స్టూల్ మీద కూర్చుని మొత్తం చెప్పాను.

ఆ రోజు పరిగెత్తినవి ఆరు గుర్రాలే. అందరి కళ్ళూ మిల్ రీఫ్, మై స్వాలోల మీదే, ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఫ్రాన్స్‌లో మై స్వాలో మిల్ రీఫ్‌ని వెంట్రుకవాసిలో ఓడించింది. వీళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు కాచుకుంటుంటే జో మెర్సర్ ఎక్కిన బ్రిగేడియర్ జెరార్డ్ వచ్చి మూడు లెంగ్తులతో (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవంత దూరం) గెలిచేసింది. మిల్ రీఫ్ రెండు, మై స్వాలో మూడు.

ఇంక చూడండి, ఆ ఓడిపోయిన మిల్ రీఫ్ అదే ఏడాది ఎప్సమ్ డెర్బీ గెలిచింది, ఎక్లిప్స్ గెలిచింది, ఆస్కట్‌లో కింగ్ జార్జ్ ఆరు లెంగ్తులతో గెలిచింది, అక్టోబర్‌లో పారిస్ వెళ్ళి ఆర్క్ అనే పెద్ద రేసు కూడా కొట్టేసింది. జన్మలో 14 రేసులు పరిగెత్తితే ఓడింది రెండే, ఆ రెండుసార్లూ దాన్ని ఓడించిన గుర్రాలు ఈ ఒక్క ఫోటోలోనే ఉన్నాయి, ముందొకటి వెనకొకటి! అలాంటి ఫోటోని ఎలా కోస్తాం? 1972 ఆగస్టులో ప్రాక్టీసులో దాని ముందుకాలు విరిగింది, మామూలుగా అయితే గుర్రం పని అంతే, కానీ ఆపరేషన్ చేసి బతికించారు. బ్రీడింగ్‌కి పంపితే దాని కొడుకు షిర్లీ హైట్స్ 1978లో డెర్బీ గెలిచింది, ఇంకో కొడుకు రిఫరెన్స్ పాయింట్ 1987లో గెలిచింది. నాన్నగారు ఈ కాలు విరిగిన సంగతి చెప్పినప్పుడల్లా గొంతు మారిపోయేది.

బ్రిగేడియర్ జెరార్డ్ తక్కువదేం కాదు, 18 రేసుల్లో 17 గెలిచింది, ఓడింది ఒక్కసారే, 1972లో యార్క్‌లో రొబెర్టో అనే గుర్రం చేతిలో. కానీ దాని పిల్లల్లో మిల్ రీఫ్ పిల్లలంత పేరు తెచ్చుకున్నవి లేవు, 1980 సెయింట్ లెజర్ గెలిచిన లైట్ కావల్రీ ఒకటి బాగా ఆడింది. మై స్వాలో కూడా బ్రీడింగ్‌కే వెళ్ళి చివరికి జపాన్ చేరింది. ఆ రోజు తర్వాత బ్రిగేడియర్, మిల్ రీఫ్ మళ్ళీ ఎప్పుడూ ఎదురుపడలేదు, ఎవరు గొప్ప అనే వాదన అలాగే ఉండిపోయింది. నా ఓటు మిల్ రీఫ్‌కే, నాన్నగారిది బ్రిగేడియర్‌కి.

ఓపిగ్గా అంతా విన్నారు వాళ్ళు, షాపులో ఇంకో కస్టమర్ కూడా నిలబడి విన్నాడు. మళ్ళీ ప్రింటు వేశారు, ఒక్క రూపాయి ఎక్స్‌ట్రా తీసుకోలేదు. ఈసారి మూడు గుర్రాలూ ఉన్నాయి, వెనకవాటి మసక కూడా చాలావరకు తగ్గించారు, జాకీ టోపీలు తెలుస్తున్నాయి. పని నాణ్యత నిజంగా బాగుంది, గ్లాసుకి ప్రింటు అంటుకోకుండా చుట్టూ మౌంట్ (అట్ట అంచు) పెట్టి గ్యాప్ ఇచ్చారు, వెనక అట్ట మొత్తం టేపుతో మూసేశారు, ఇనప హుక్కు వద్దు తుప్పు పడుతుంది అని ఇత్తడిది వేశారు, సముద్రం వైపు గోడకి తగిలించొద్దని వాళ్ళే చెప్పారు. అసలు కత్తిరింపు కూడా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తిరిగిచ్చారు.

పాత ఫోటోలు ఇచ్చేవాళ్ళు అంచులు కోయొద్దని బిల్లు మీదే రాయించుకోండి. మా ఫోటో కింది అంచులో నాన్నగారు పెన్సిల్‌తో తెలుగులో మూడు గుర్రాల పేర్లూ రాసుకున్నారు, మొదటి ప్రింటులో అది కూడా ఎగిరిపోయింది, రెండోదాంట్లో ఆ అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి.