కడప బండల నేలకు యాసిడా, సబ్బునీళ్లా?

కడప, ప్రొద్దుటూరు వైపు పాత ఇళ్లలో నేలంతా నల్లని కడప బండలే. ఈ బండ సున్నపురాయి జాతిదన్న సంగతి గుర్తుంచుకుంటే, దాన్ని దేనితో కడగాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.

బోరు నీళ్ల తెల్లచారలు పోవడానికి చాలామంది బాత్రూం యాసిడ్ పోస్తారు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం బండ మీద పడగానే సన్నని నురగ బుసబుసమని పొంగుతుంది. మురికి వదులుతోందని సంతోషిస్తాం గాని, చారలోనూ రాయిలోనూ ఉన్నది ఒకే కాల్షియం కార్బొనేట్ కనుక, చారతో పాటు రాయి కూడా కరిగిపోతుంది. ఆరాక ఆ చోట నునుపు పోయి బూడిదరంగు మచ్చ తేలుతుంది, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, తర్వాతి మురికి ఆ గరుకునే పట్టుకుంటుంది. మా వంటింటి గడప దగ్గర అలాంటి మచ్చ ఒకటి ఇప్పటికీ ఉంది. నిమ్మరసం, వెనిగర్ కూడా ఆమ్లాలే.

సబ్బునీళ్లతో పాత చారలు పూర్తిగా పోవు, నిజమే. అయినా నా ఓటు వాటికే. బకెట్ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి, మెత్తని బ్రష్షుతో రుద్ది, కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే కొత్త చారలు కట్టవు. చారలు మిగిలేది నీళ్లు నేల మీదే ఆరినప్పుడు.

యాసిడ్‌ను పింగాణీ మరుగుదొడ్డికి వాడినా, కిటికీ తెరిచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపకూడదు, ఎందుకంటే అప్పుడు వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మిగిలిన యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి, దాహమేసిన పిల్లలు తేడా తెలియక తాగేస్తారు.