వావిలి చెట్టు: నానినా, నరికినా చావని మొక్క

వావిలి పెంచమని ఎవరు చెప్పినా ముందు దోమలు పోతాయంటారు, ఆ తర్వాత ఒళ్ళునొప్పులు తగ్గుతాయంటారు. అవి నిజమా కాదా అన్నది కింద చెప్తాను. తిరుపతిలో మా ఇంటి ప్రహరీ పక్కన ఏళ్ళుగా దీన్ని పెంచుతున్నాను, నాకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం ఒక్కటే, దాని మొండితనం. ఇంత మొండి మొక్క మా పెరట్లో ఇంకోటి లేదు.

ఆకు, పువ్వు ఎలా ఉంటాయో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. స్వర్ణముఖి గట్ల మీద, చంద్రగిరి వైపు వంకల పక్కన కనిపిస్తూనే ఉంటుంది, వినాయక చవితి పూజలో సింధువార పత్రం అని చదివేది దీన్నే. మాది కూడా అలా ఒక వంక పక్కన విరుచుకొచ్చిన కొమ్మే. బొటనవేలంత లావు ముదురు కొమ్మ, వానలు మొదలయ్యాక గుచ్చితే వేరు పట్టేసింది.

2021 నవంబర్ వానలు తిరుపతిలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి నీళ్ళు దూకుతున్న వీడియోలు ఊరంతా చూసింది, మా వీధిలో మాత్రం అందరి టెన్షన్ మోకాలి లోతున నిలిచిన నీళ్ళ గురించే, అవి రోజులు గడిచినా కదల్లేదు. పునాది నాని ఒక రాత్రి ప్రహరీ లోపలికి కూలింది, సరిగ్గా వావిలి మీద. ఇటుకలు, సిమెంటు పెళ్ళలు, వాటి మీద బురద. పెరట్లో బొప్పాయి నీళ్ళు తీయకముందే మొదలు కుళ్ళి వాలిపోయింది. నేను ఎంతో ఇష్టంగా పెంచుకున్న కరివేపాకు ఆకులు పసుపెక్కి రాలి, నెల తిరిగేసరికి ఎండుపుల్లగా మిగిలింది. వావిలి సంగతి ఎవరికీ గుర్తే లేదు, అది కనబడితే కదా.

పనివాళ్ళు దొరికి ఆ ఇటుకలన్నీ తీసేసరికి సంక్రాంతి దగ్గరపడింది. కాండం నిలువునా చీలి, ఒకవైపు బెరడు ఊడిపోయి ఉంది, ఆకన్నది లేదు. మేస్త్రి చూసి, "ఇది పోయినట్టే అక్కా, పునాదికి కూడా అడ్డం" అని నేలకి జానెడెత్తున మచ్చుకత్తితో నరికేశాడు. గోడ లేచింది. ఒకరోజు అక్కడ సిమెంటు దుమ్ము కడుగుతుంటే మోడు చుట్టూ, బెరడు మిగిలిన వైపు, బూడిదరంగు నూగుతో మొగ్గలు కనిపించాయి, కొన్ని ఏకంగా మట్టిలోంచే లేస్తున్నాయి. ఒక చిగురు తుంచి నలిపితే అదే ఘాటు, చెట్టు నిండా ఉన్నప్పుడు వచ్చిన వాసనే, ఏమీ తగ్గలేదు. నాకు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఎండాకాలం ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు నాలుగు చెంబులు పోయడం తప్ప నేను చేసిందేమీ లేదు. మళ్ళీ వానలకి నా భుజం దాటింది. ఒక్క కాండం ఉన్నచోట గుంపుగా లేచి, ముందుకన్నా గుబురైంది, కొమ్మల చివర ఊదారంగు పూలు, వాటి నిండా తేనెటీగలు.

వంకల పక్కన పుట్టే చెట్టు కదా, వరద మీద నుంచి పోవడం, ఆ తర్వాత నెలల తరబడి నేల ఎండిపోవడం రెండూ దానికి అలవాటే. పల్లెల్లో దడికీ బుట్టలకీ కొమ్మలు నరుక్కుపోతూనే ఉంటారు, అది మళ్ళీ వస్తూనే ఉంటుంది.

ఇక మిగతా సంగతులు. చెట్టు ఉన్నంత మాత్రాన దోమలు పోవు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. సాయంత్రం ఎండాకు నిప్పుల మీద వేసి పొగపెడితే ఆ కాసేపు తగ్గుతాయి, పొగ పోయాక మామూలే. వీధి ఆవులు మూతి పెట్టవని నేను అందరికీ చెప్పేదాన్ని. తినవు, నిజమే, కానీ గేటు వైపు కొమ్మలకి ఒళ్ళు రుద్దుకుని లేతవన్నీ విరిచేస్తాయి. కందుల డబ్బాలో ఎండాకు వేస్తే పురుగు తక్కువగానే పడుతోంది, బియ్యంలో వేస్తే మాత్రం అన్నానికి ఆ వాసన వచ్చి మా ఆయన మొదటి ముద్దకే ఆపేశారు. మా అమ్మాయి కాన్పుకి వచ్చినప్పుడు వావిలాకు వేసి మరిగించిన నీళ్ళే రోజూ స్నానానికి, ఒళ్ళు తేలికపడిందని అదే అడిగి పోయించుకునేది. అది ఒళ్ళునొప్పులకి మందని నేను చెప్పను, హాయి మాత్రం నిజం.

ఆ మొండితనంతో ఇబ్బంది కూడా ఉంది. వద్దన్నచోట పిలకలు వేస్తుంది, ఏడాదికి రెండుసార్లన్నా కత్తిరించకపోతే కొమ్మలు సాగి పక్కింటి వాళ్ళ మీదికి వాలతాయి, తీసేద్దామనుకుంటే వేరుతో సహా తవ్వాల్సిందే.

మాది సొంత ఇల్లు, కాస్త మట్టినేల ఉంది, పూలకన్నా పచ్చదనం నిలబడితే చాలనుకునే మనిషిని, కాబట్టి మాకు సరిపోయింది. చిత్తూరులో మా చెల్లెలు మిద్దె మీద పెద్ద కుండీలో పెట్టింది, బతికే ఉంది గానీ గుబురు రాలేదు, పూలు కూడా అరకొరే. అపార్ట్‌మెంట్ బాల్కనీకి నేనైతే పెట్టుకోమని చెప్పను. ఘాటు వాసన పడనివాళ్ళు ముందు ఎక్కడైనా ఒక ఆకు నలిపి చూసుకోండి. నాటేటట్టయితే గోడకీ డ్రైనేజీ పైపుకీ ఐదారడుగులు ఎడం వదలండి, మొదటి ఎండాకాలం మాత్రం నీళ్ళు మానొద్దు.