వెస్ట్ సిస్టమ్ 105 ఎపాక్సీ: పాత ఫైబర్ బోటు ఫ్లోరు, స్ట్రింగర్లు మళ్ళీ కట్టాక నా రివ్యూ

ఈ రెజిన్ (ఫైబర్ క్లాత్‌ని, చెక్కని అతికించే ద్రవం) కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, కొనండి, కానీ 206 స్లో హార్డెనర్‌తోనే (రెజిన్ గట్టిపడడానికి కలిపే ద్రవంలో నెమ్మది రకం) కొనండి. ఎందుకో కింద చెప్తాను.

నాది 17 అడుగుల పాత ఫైబర్ ఫిషింగ్ బోటు. సీటు దగ్గర అడుగేస్తే ఫ్లోరు కిందకి దిగుతోంది, ఒక ప్లైవుడ్ ముక్క మారిస్తే సరిపోతుందిలే అని కోయడం మొదలుపెట్టా. తీరా చూస్తే లోపల ఫోమ్ అంతా నీళ్ళు తాగి స్పాంజిలా ఉంది, స్ట్రింగర్ల (బోటు అడుగున పొడవునా ఉండే చెక్క దూలాల) మీద ఫైబర్ తొడుగు బయటికి బాగానే ఉంది కానీ దాన్ని చీలిస్తే లోపలి చెక్క తడిసిన రంపపు పొట్టులా చేతికొచ్చేసింది, వేళ్ళతోనే తవ్వేశా. సీటు స్క్రూలు దిగిన చోట చెక్క నల్లగా మారిపోయి ఉంది, ఆ నలుపు ఒక్కో స్క్రూ నుంచి చుట్టూ పాకుకుంటూ పోయింది. అంటే నీళ్ళు బోటు అడుగునుంచి రాలేదు, పైనుంచి ఆ చిన్న చిన్న బొక్కల్లోంచే ఏళ్ళ తరబడి దిగాయి.

ఇక పాలిస్టర్ రెజిన్ వాడాలా ఎపాక్సీ వాడాలా అనేది. పాలిస్టర్ చవక, బోటు కట్టేటప్పుడు ఫ్యాక్టరీలో వాడింది కూడా అదే, దాంతో రిపేర్ చేసి బాగా నడుస్తున్న బోట్లు బోలెడు ఉన్నాయి, దాన్ని తీసిపారేయను. కానీ కొత్తగా అచ్చులో కట్టేటప్పుడు ఒక పొర ఇంకా పచ్చిగా ఉండగానే ఇంకో పొర పడుతుంది, రెండూ రసాయనికంగా కలిసిపోతాయి. మన పాత హల్ (బోటు అడుగు గుల్ల) ఎప్పుడో గట్టిపడిపోయింది, దాని మీద ఏది వేసినా గ్రైండర్ గీతల్లోకి దిగి పట్టుకోవాల్సిందే, ఆ పట్టు విషయంలో ఎపాక్సీ చాలా ముందుంటుంది, చెక్కని కూడా గట్టిగా పట్టుకుంటుంది. స్ట్రింగర్ పని మొత్తం ఆ పట్టు మీదే ఆధారపడి ఉంది కాబట్టి నేను ఇక్కడ డబ్బు చూసుకోలేదు.

హార్డెనర్ సంగతి. 105 రెజిన్‌లో 205 ఫాస్ట్ కలిపితే 22 డిగ్రీల దగ్గర కప్పులో గట్టిపడే ముందు 9 నుంచి 12 నిమిషాలే టైమ్, 206 కలిపితే 20 నుంచి 25 నిమిషాలు. ఎండాకాలం అయితే ఇంకా తగ్గిపోతుంది. నేను మొదట 205 తెచ్చి, తొందరలో పెద్ద కప్పు నిండా కలిపి, ఫైబర్ క్లాత్ సర్దుకుంటూ కప్పు పక్కన పెట్టా, తిరిగి చూసేసరికి కప్పు పట్టుకోలేనంత వేడెక్కి పొగ వస్తోంది, మొత్తం పారబోశా. తప్పు రెజిన్‌ది కాదు, ఎపాక్సీ కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అప్పటినుంచి 206కి మారి, కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పల్చగా పోసి వాడుకున్నా, మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు.

డబ్బాలకి బిగించి కొలిచి పోసే పంపులు తప్పకుండా తీసుకోండి. కలపాల్సింది 5 పాళ్ళకి 1 పాలు, పంపు సైజులే ఆ లెక్కకి చేసి ఉంటాయి, రెజిన్ ఒక నొక్కు హార్డెనర్ ఒక నొక్కు, అంతే. కొన్నాళ్ళు వాడకుండా ఉంచితే మాత్రం ముందు ఒకటి రెండు నొక్కులు వేరే కప్పులోకి కొట్టి గాలి పోయిందో లేదో చూసుకోవాలి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే పూర్తిగా గట్టిపడదు, జిగురుగా ఉండిపోతుంది.

క్లాత్ నేను 1708 వాడా, అంటే వెనక మ్యాట్ (చిన్న ఫైబర్ పోగుల పొర) ఉండే మందం ఫైబర్ క్లాత్. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి అది మెత్తబడదు, 1708లో మ్యాట్‌ని దారంతో కుట్టేస్తారు కాబట్టి ఆ గొడవ లేదు. మందం క్లాత్ కదా, ముందు కింద రెజిన్ పూసి దాని మీద పరిచి మళ్ళీ పైన పూయాలి, పైనుంచి మాత్రమే పోస్తే లోపల పొడిగా తెల్లగా మిగిలిపోతుంది.

అసలు కష్టం గ్రైండింగ్‌లో ఉంది. 36 గ్రిట్ (బాగా గరుకైన) డిస్క్‌తో పాత రెజిన్ మెరుపు పూర్తిగా పోయేదాకా గీకాలి, దురద, దుమ్ము, మంచి మాస్క్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంకో మాట, స్ట్రింగర్లన్నీ ఒకేసారి పీకేయకండి అండీ, హల్‌కి కింద సరైన సపోర్ట్ లేకపోతే అది వంగిపోతుంది, ఆ వంకర మీదే కొత్త స్ట్రింగర్లు అతికిస్తే బోటు జీవితాంతం అలాగే ఉండిపోతుంది. నేను ముందు బోటుని లెవెల్ చేసి ఒకటి తీసి ఒకటి పెట్టా. కొత్త చెక్క హల్‌కి నేరుగా ఆనకుండా కింద గట్టి పేస్ట్ వేశా, అంటే ఎపాక్సీలో సిలికా పౌడర్ కలిపి గరిటెతో తీస్తే జారకుండా నిలబడేంత చిక్కగా, అదే పేస్ట్‌తో మూలల్ని గుండ్రంగా దిద్దా. మూల పదునుగా ఉంటే క్లాత్ అక్కడ పైకి లేచి కింద గాలి మిగిలిపోతుంది.

ఆరాక పైన మైనంలాంటి పొర వస్తుంది, దాన్ని అలాగే సాండ్ చేస్తే పేపర్ నిండిపోతుంది, మంచినీళ్ళతో గరుకు ప్యాడ్ పెట్టి రుద్ది తుడిచి అప్పుడు సాండ్ చేయండి. గ్లౌజులు తీయొద్దు, ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే మళ్ళీ వదలదంటారు, అది నిజం.

ఫ్లోరుకి మెరైన్ ప్లై వేశా. మెరైన్ అంటే కుళ్ళదు అనుకుంటారు చాలామంది, దాంట్లో జిగురు నీళ్ళకి ఊడదు కానీ చెక్క చెక్కే. అందుకే రెండు వైపులా, అంచులకి కూడా ఎపాక్సీ పట్టించా. సీటు స్క్రూ పడే ప్రతి చోటా ముందు పెద్ద బొక్క వేసి, దాన్ని పేస్ట్‌తో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకి చిన్న బొక్క వేశా, ఇప్పుడు స్క్రూ ఎపాక్సీలో దిగుతుంది, చెక్కని తాకదు. దీనికే ఒక రోజు పట్టింది, మొత్తం పనిలో నేను అన్నిటికన్నా శ్రద్ధగా చేసింది ఇదే.

రెజిన్‌లో లోటు అంటే ఒకటుంది, ఎండకి ఆగదు, పైన పెయింట్ తప్పనిసరి. నేను పెయింట్ తడిగా ఉండగానే ఇసుక చల్లి ఇంకో కోటు వేశా, తడి కాళ్ళతో నిలబడినా జారట్లేదు.