ఈ గ్రాఫైట్ ఫ్లై రాడ్ చేతికి తేలికే, కానీ...

మొదట్లో ఈ రాడ్ (తేలికపాటి ఎరను దూరంగా విసిరి చేపలు పట్టే గాలపు కర్ర) తేలికదనం మీద ఎంత మోజుపడ్డానో, ఇప్పుడు అదే తేలికదనం మీద అంత అనుమానం. కొలరాడోలో సౌత్ ప్లాట్ నది మీద, చీజ్‌మన్ ఆనకట్ట దిగువన ట్రౌట్ చేపలకే దీన్ని ఎక్కువగా వాడాను. పొద్దస్తమానం విసిరినా చెయ్యి లాగదు. ఆ మాట ఇప్పటికీ నిజమే.

కిందటి వేసవిలో పై ముక్క విరిగింది. పెద్ద చేపేదీ పడలేదు, కొమ్మకూ తగల్లేదు. మామూలుగా విసురుతుంటే టప్పుమని శబ్దం. చూస్తే కొస లైనుకు వేలాడుతోంది. విరిగిన చోట గొట్టం గోడ గోటి మందమైనా లేదు. పోగులు నిలువునా చీలి ఉన్నాయి, ఒక పక్క మాత్రం చిన్న పాత గాటు.

రెసిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ పోగుల (గ్రాఫైట్ అనేది వీటినే) షీటును కోసి, కొస సన్నబడే ఉక్కు కడ్డీకి చుట్టి, పైన టేపు బిగించి ఓవెన్‌లో కాలుస్తారు. తర్వాత కడ్డీ లాగేస్తే మిగిలే బోలు గొట్టమే ఈ రాడ్. పోగులు ఎక్కువగా నిలువునే ఉంటాయి. రాడ్ వంగినప్పుడు గొట్టం నలిగి చదును కాబోతుంది. దాన్ని ఆపేది అడ్డంగా వేసే పలుచని పొర. బరువు తగ్గించాలని బాగా బిరుసైన పోగులు వాడి గోడను పలచన చేస్తే, టంగ్‌స్టన్ అనే బరువైన లోహపు పూస ఉన్న ఎర గాలికి వచ్చి తగిలినా గాటు పడుతుంది. ఆ రోజు ఏమీ కాదు. ఎప్పుడో, ఏ కారణమూ లేనట్టు విరుగుతుంది. రాడ్లు చేసే ఫెన్విక్ సంస్థ 1973లో గ్రాఫైట్ రాడ్లు తెచ్చి యాభై ఏళ్లు దాటినా తేలికదనానికీ గట్టిదనానికీ మధ్య ఈ బేరం తెగలేదు. ప్రకటనల్లో మాత్రం తేలికదనం గురించే రాస్తారు.

జీవితకాల హామీ ఉంది, కాదనను. కానీ ముక్క మార్చడానికి రుసుము కట్టాలి, పైగా సీజనంతా ఎదురుచూపు. తీరా వచ్చిన కొత్త కొస, కింది ముక్క మీద పాతదానంత లోతుకు దిగదు. అతుకు దగ్గర కొవ్వొత్తి మైనం రాయకపోతే మధ్యాహ్నానికల్లా వదులవుతుంది. వంపు కూడా కాస్త బిరుసెక్కినట్టుంది, లేదా నాకలా అనిపిస్తోందేమో.

నా భుజానికి పాత నొప్పి ఉంది, పట్టేవీ చిన్న చేపలే, కాబట్టి ఉంచుకున్నాను. పూస ఎరలు మాత్రం దీంతో వేయడం లేదు. ఈదురుగాలిలో బరువైన ఎరలు విసిరేవారు నా రాడ్ చేసిన సంస్థదే చవక రాడ్ చూడండి. బరువు కాస్త ఎక్కువైనా దాని గోడ మందం. ఇది తగ్గింపులో దొరికితే సరే. పూర్తి ధర పెట్టి నేనైతే మళ్లీ కొననేమో.